రెండువందల పద్నాలుగో చుట్టు

సొరంగం చూడ్డానికి వచ్చేవాళ్ళు నన్ను మూడే అడుగుతారు. పొడవెంత, కట్టి ఎన్నేళ్ళయింది, కట్టేటప్పుడు ఎంతమంది పోయారు. మొదటి రెండూ బోర్డు మీద ఉన్నాయి, కళ్ళున్నాయిగా చదువుకోండి అంటాను. పోయినవాళ్ళ లెక్క ముఖద్వారం పక్కన రాతి పలక మీద చెక్కి ఉంది: పదిహేడుగురు. నూట యాభై ఏళ్ళ కింద కొండ తొలిచిన కూలీలు వాళ్ళు. జనం ఆ పలక పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు, లోపలికి తల పెట్టి ఓ కేక వేస్తారు, కేక తిరిగొస్తే నవ్వుకుని వెళ్ళిపోతారు. పద్దెనిమిదో మనిషి గురించి ఎవరూ అడగరు. ఒకందుకు అదే నయం. నాకు ముక్కు మీద కోపం, అడిగినవాళ్ళని ఏదో ఒకటి అనేస్తాను. ఆ పద్దెనిమిదో మనిషి మా అన్నయ్య.

మా పనేమిటో ముందు చెప్పాలి. సొరంగం లోపలంతా ఇటుక కమాను. ఆ కమానుని చుట్లు చుట్లుగా కట్టారు, ప్రతి చుట్టుకీ గోడ మీద రేకు ముక్క కొట్టి నంబరు రాశారు. మొత్తం ఆరువందల పన్నెండు. పొద్దున్నే మొదటి రైలు రాకముందు అన్నయ్య పొడుగాటి కర్ర ఉన్న సుత్తి పట్టుకుని లోపలికి వెళ్ళి ఇటుకల మీద కొట్టుకుంటూ నడిచేవాడు. రోజుకి యాభై చుట్లు. గట్టిగా ఉన్న ఇటుక ణంగుమంటుంది. వెనక నీళ్ళు చేరి సున్నం కరిగి ఖాళీ పడితే డబ్బుమంటుంది. మొదటిదైతే అన్నయ్య ‘గట్టి’ అనేవాడు, రెండోదైతే ‘డొల్ల’ అనేవాడు. డొల్ల అన్నచోట నేను సుద్దతో సున్నా చుట్టేదాన్ని. తర్వాత తాపీవాళ్ళు ఆ సున్నా వెతుక్కుంటూ వచ్చి, అక్కడ ఇటుకలు ఊడదీసి మళ్ళీ కడతారు. నా పని దీపం పట్టడం, సున్నా చుట్టడం, అంతే.

ఇంకోటి కూడా ఉంది, నోరు మూసుకోవడం. దీపం పట్టిన మనిషి లోపల పెదవి విప్పకూడదు. సుత్తి పట్టినవాడి చెవికి అడ్డం రాకూడదని మా నాన్న హయాం నుంచీ ఉన్న కట్టుబాటు. నన్ను ఆ పనిలో పెట్టిన రోజు ఊళ్ళో అందరూ నవ్వారట. “మిరపకాయని రెండు గంటలు నోరు మూయించే పనా? జీతం దానికి కాదు, ఆ పని కనిపెట్టినవాడికివ్వాలి” అన్నారట. మిరపకాయ అంటే నేనే. పెళ్ళయిన మూడేళ్ళకే మా ఆయన పోతే, అన్నయ్య నన్ను తెచ్చుకుని తన క్వార్టర్లో వెనక గది ఇచ్చి, ఆ పనీ ఇప్పించాడు. అన్నయ్యకీ వదినకీ పిల్లల్లేరు. ముగ్గురం ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం ఇరవై రెండేళ్ళు.

అన్నయ్య పోవడానికి రెండేళ్ళ ముందు, వానలు వెనకబట్టిన రోజుల్లో, నూట ఎనభయ్యో చుట్టు దగ్గర అన్నయ్య సుత్తి వేశాడు. చప్పుడు ఖాళీ కుండ మీద కొట్టినట్టు వచ్చింది. అన్నయ్య ‘గట్టి’ అన్నాడు. నేను కదల్లేదు. పరధ్యానంలో ఉన్నాడేమో అనుకుని దీపం ఎత్తి మొహంలోకి చూశాను. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే కుండ చప్పుడు. ఆయన కళ్ళు ఇటుక మీద లేవు, నా మీద ఉన్నాయి. బళ్ళో పాఠం అప్పజెప్పలేని పిల్లాడి చూపు అది. సుద్ద తీసి సున్నా చుట్టాను. అన్నయ్య అది చూసి ‘డొల్ల’ అన్నాడు.

ఆ రోజు నుంచి మా పని తిరగబడింది. ఆయన కొట్టేవాడు, నేను వినేదాన్ని. సుద్ద ఉన్న చెయ్యి లేస్తే డొల్ల, లేవకపోతే గట్టి. ఓరకంట నా చెయ్యి చూసి ఆయన పైకి చెప్పేవాడు. దీని గురించి మేమిద్దరం ఇంట్లో గానీ బయట గానీ ఒక్క మాట అనుకోలేదు. అన్నయ్య ఇంట్లో రేడియో పెంచేవాడు, నేను తగ్గించేదాన్ని కాదు. పిలిచినా పలక్కపోతే వదిన విసుక్కునేది, “ఆలోచనలో ఉన్నాడులే వదినా” అని నేను సర్దేదాన్ని.

పైవాళ్ళకి చెప్పాల్సింది కదా అంటారు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. సుత్తి లాక్కుని ఇంటికి పొమ్మంటారు. అది కూడా కాదు, నలభై ఏళ్ళుగా ఆయన గట్టి అన్న ప్రతి ఇటుకనీ అనుమానంగా చూస్తారు. అన్నయ్యకి డబ్బు పిచ్చి లేదు, తిండి పిచ్చి లేదు. ఒకే ఒక్క కోరిక ఉండేది. పదవీ విరమణ రోజు ఒకటో చుట్టు నుంచి ఆరువందల పన్నెండు దాకా సుత్తి భుజాన వేసుకుని నడిచి, అవతలి ద్వారంలో వెలుతురులోకి వచ్చి సుత్తి అప్పజెప్పాలని. రెండేళ్ళు అలా నెట్టుకొచ్చాక దానికి ఇంకా ఎనిమిది నెలలే మిగిలింది. నా చెవులు బాగున్నాయి, ఎనిమిది నెలలు లాగలేమా అనుకున్నాను. మా ముగ్గురి పరువూ ఆ ఎనిమిది నెలల మీద నిలబడింది.

అప్పుడొచ్చాడు కొత్త ఇంజనీరు. సొరంగానికి నూట యాభై ఏళ్ళని ఉత్సవం తలపెట్టారు. ఆదివారం పాత పెట్టెలు తగిలించిన ప్రత్యేక రైలు, అందులో మూడొందల మంది అతిథులు, బడిపిల్లలు. ముఖద్వారానికి సున్నం కొట్టారు, రాతి పలక తోమారు. ఆ వారమంతా అన్నయ్య ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా కొట్టి మొత్తం చుట్లు పూర్తి చేయాలని హుకుం. బుధవారం ఇంజనీరు స్వయంగా మా వెంట లోపలికి వచ్చాడు. మంచివాడే, చెడ్డవాడని అనను. కాకపోతే కళ్ళు మరీ చురుకు.

రెండువందల పద్నాలుగో చుట్టు కుడి గోడ మీద, నా తలకి జానెడు పైన, అన్నయ్య సుత్తి వేశాడు. డబ్బుమంది. మామూలు చప్పుడు కాదది, లోపల గది ఉన్నట్టు మోగింది. అలవాటు ప్రకారం నా చెయ్యి లేచి సున్నా చుట్టేసింది. అన్నయ్య ఇంకా నోరు విప్పలేదు.

“ఆగమ్మా,” అన్నాడు ఇంజనీరు. “ఆయన ఏమీ చెప్పకుండానే నువ్వు గీశావేం?”

నేను మాట్లాడకూడదు, కట్టుబాటు. అన్నయ్య వైపు చూశాను. ఇంజనీరు అడిగింది ఆయనకి సగమే అర్థమై ఉంటుంది, కానీ ఇంజనీరు మొహంలో అనుమానం ఆయనకి కనపడింది. చెమట్లు పట్టేశాయి పాపం.

“దానికి తొందరెక్కువ సార్,” అన్నాడు నవ్వబోతూ. “చిన్నప్పట్నుంచీ అంతే. చెరిపెయ్యవే. అది గట్టిదే.”

“గట్టిదేనా?”

“నలభై ఏళ్ళ నుంచి కొడుతున్నాను సార్. దీపం పట్టేవాళ్ళకేం తెలుస్తుంది? ఇటుకకీ ఇడ్లీకీ తేడా తెలియదు దానికి.”

ఇంజనీరు నవ్వాడు. వెనకున్న తాపీవాళ్ళిద్దరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు! రెండేళ్ళు ఆయన గుట్టు కడుపులో పెట్టుకుని కాపాడితే, నలుగురి ముందు నాకు దక్కిన మాట అది. చెప్పాలనుంది, డొల్ల అని అరవాలనుంది. అరిస్తే అన్నయ్య బతుకు అక్కడికక్కడే బజారున పడుతుంది. అదొక్కటే అయితే ఆగి ఆలోచించేదాన్నేమో. కోపం కూడా ఉంది. నువ్వే గట్టి అన్నావుగా, అలాగే కానీ అనుకుని కొంగుతో ఆ సున్నా తుడిచేశాను. మధ్యాహ్నం పూట వచ్చినప్పుడు మళ్ళీ చుట్టొచ్చులే అని కూడా అనుకున్నాను. కానీ మధ్యాహ్నం ఇంజనీరు మమ్మల్ని అవతలి కొసకి తీసుకెళ్ళాడు. రెండువందల పద్నాలుగు అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చాక వాకిట్లో చెప్పులు విప్పుతూ అన్నయ్యే మొదలుపెట్టాడు. “పొద్దున ఆ గోడ సంగతి... రేపు మనిద్దరం ముందుగా వెళ్ళి చూద్దామే,” అన్నాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకి అలాగే వచ్చు. నేను అక్కడితో ఆగి సరేననాల్సింది. నా నోరు ఊరుకుంటేనా?

“నన్నెందుకు? ఇడ్లీకీ ఇటుకకీ తేడా తెలియనిదాన్ని. నీ చెవుల్తో నువ్వే వినుకో. ఓహో, నీకు చెవులు లేవు కదూ! చెవిటి మేస్త్రివి. రెండేళ్ళుగా నా చెయ్యే నీ చెవులు. రేపట్నుంచి వేరే చెవులు వెతుక్కో!”

ఆ మాటలు ఆయనకి పూర్తిగా వినపడలేదు. నా మొహం చూశాడు, తర్వాత గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ వదిన వైపు తిరిగాడు. “ఏమంటోందే?” అన్నాడు.

వదిన తల దించుకుంది. అప్పుడు నేనేం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. దగ్గరకెళ్ళి, ఆయన చెవి పక్కన నోరు పెట్టి, చుట్టుపక్కల క్వార్టర్లన్నిటికీ వినపడేటట్టు మళ్ళీ అరిచాను. “చెవిటివాడివి అంటున్నాను!”

అన్నయ్య కోప్పడలేదు. కండువా తీసి మొహం తుడుచుకుని లోపలికెళ్ళి కూర్చున్నాడు. ఆ పూట రేడియో పెట్టలేదు.

నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుతుండగా అన్నయ్య అడుగులు నా గది దాకా వచ్చాయి. నేను గోడ వైపు తిరిగి, దుప్పటి తల దాకా లాక్కుని పడుకున్నాను. “చెల్లీ,” అన్నాడు. చెవుడొచ్చినవాళ్ళకి గుసగుస చేతకాదు, మామూలు గొంతుతోనే పిలిచాడు. నేను పలకలేదు. కిటికీ గూట్లో సుద్దముక్కల రేకు డబ్బా ఉంటుంది. దాని మూత తీసిన చప్పుడు వినపడింది. ముక్క తీసుకున్నాడు, మూత పెట్టాడు. ఇరవై రెండేళ్ళలో అన్నయ్య సుద్ద పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో, ఏ చుట్టు దగ్గరికి వెళ్తున్నాడో నాకు అప్పుడే తెలుసు. వెళ్ళనీ అనుకున్నాను. ఎలా వింటాడో నేనూ చూస్తాను అనుకున్నాను. పెరట్లో వదిన నీళ్ళ మోటారు వేసింది, ఆ రొదలో వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు, తర్వాత గేటు చప్పుడైంది. కొంచెం సేపటికి వదిన కూడా నా గుమ్మం దాకా వచ్చి నిలబడి, వెళ్ళిపోయింది. నేను కళ్ళు తెరవలేదు.

ఏడు దాటాక లేచాను. మొహం మాడ్చుకునే కాఫీ తాగాను. గ్లాసు కడుగుతుంటే వినపడింది. మా ఇంటికీ సొరంగానికీ మధ్య ఫర్లాంగు దూరం ఉంటుంది, ఊళ్ళో ఎవరూ ఇంకా తలెత్తి కూడా చూడలేదు, నాకు వినపడింది. ముందు ఒక బరువైన చప్పుడు, వెనకే కొండ దగ్గినట్టు ఇంకోటి. గ్లాసు ఎక్కడ పడేశానో తెలియదు.

ద్వారం దగ్గర ఎడమ చేతి వైపు, ఎప్పుడూ నేను దీపం తగిలించే కొక్కేనికి, నా దీపం వేలాడుతోంది. వెలుగుతోంది. ఈయన దీపం ఇక్కడ వదిలేసి చీకట్లోకి ఎందుకు వెళ్ళాడని అప్పుడు ఆలోచించే తీరిక లేదు. లాక్కుని పరిగెత్తాను. రెండువందల పది దాటాక దుమ్ములో దీపం పనికిరాలేదు, తడుముకుంటూ వెళ్ళాను. గోడ భుజం దగ్గర్నుంచి ఊడిపోయింది. ఇటుకల కింద అన్నయ్య నడుం దాకా కనపడుతున్నాడు. పక్కనే జేబు టార్చి వెలుగుతూ పడి ఉంది. “అన్నయ్యా, అన్నయ్యా,” అని అరిచాను. ఆ సొరంగంలో నేను నోరు విప్పడం అదే మొదలు. వినపడే చెవులున్న పైవాళ్ళకి చెప్పడానికి నాకు రెండేళ్ళు టైముంది, అప్పుడు చెప్పలేదు.

తాపీవాళ్ళు ఇటుకలు తీస్తుంటే కొన్ని ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఆ పెళ్ళ మీద సుద్దతో సున్నా ఉంది. నాది కాదు. వంకర టింకరగా, మొదలూ చివరా కలవకుండా ఉంది. సుత్తి కర్ర చివర పంటి గాట్లున్నాయి. సుత్తి తలని ఇటుకకి ఆనించి, కర్ర కొస పళ్ళతో కరిచిపట్టి, రెండో చేత్తో రాయి పుచ్చుకుని పక్కన కొట్టుంటాడు. అదురు పళ్ళలోంచి తలకెక్కుతుంది, గట్టిదో డొల్లో తెలుస్తుంది. మా నాన్న ముసలితనంలో అలాగే చేసేవాడు. అన్నయ్య డొల్లని కనిపెట్టాడు, సున్నా చుట్టాడు. ఆ తర్వాతే అది కూలింది.

విచారణ స్టేషను మాస్టరు గదిలో జరిగింది. ముగ్గురు పెద్దవాళ్ళు, పక్కన మన ఇంజనీరు. గేటు కాపలాదారుని ముందు పిలిచారు. “ఆరింటికే వచ్చాడండీ. దీపం వెలిగించి కొక్కేనికి తగిలించి, దాని కింద రాయి మీద కూర్చున్నాడు. గంట పైనే కూర్చున్నాడు. ఏం మేస్త్రీ, లోపలికెళ్ళవా అంటే నవ్వాడు. తర్వాత నేను అటు తిరిగి ఇటు చూసేలోపు లేడండీ,” అన్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఎవరికీ అంతుపట్టలేదు. నాకూ పట్టలేదు.

నా వంతు వచ్చింది. ఇంక దాచేదేముంది? అంతా చెప్పేశాను. చెవుడు సంగతి, నా చెయ్యి సంగతి, కొంగుతో తుడిచిన సున్నా సంగతి. రాసుకునే గుమాస్తా కలం ఆపి ఇంజనీరు మొహం చూశాడు. ఇంజనీరు నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు.

“అమ్మా, నువ్వు చెప్పింది రాస్తే రెండేళ్ళ రికార్డు చెల్లదు. సొరంగం మూసేసి ఆరువందల చుట్లూ మళ్ళీ చూడాలి.”

“చూడండి. ఎవరొద్దన్నారు? కానీ అవన్నీ నేను విన్నవే. ఒక్కటి కూడా తప్పు పోలేదు.”

“అది ఎవరు నమ్ముతారు?” అన్నాడు. గట్టిదేనా అని అడిగి నవ్విన మనిషి కదా, ఆయనకీ నిద్ర ఉండి ఉండదు. “ఆయన పేరు కూడా పాడవుతుంది. ఆలోచించుకో.”

చివరికి వాళ్ళు రాసింది ఒక్క వాక్యం. ఉద్యోగి నియమం మీరి దీపం మనిషి లేకుండా ఒంటరిగా లోపలికి వెళ్ళినందువల్ల ప్రమాదం జరిగినది. పదిహేను రోజులు ఆగి, గోడ కట్టించి, ప్రత్యేక రైలు నడిపారు. బడిపిల్లలు సొరంగంలో కేకలు వేస్తూ వెళ్ళారు. నేను ద్వారం దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత సుత్తి నాకిచ్చారు. నేను విన్నవే అని వరండాలో అన్న మాట ఇంజనీరు మరచిపోలేదని నా అనుమానం. దీపం పట్టే ఉద్యోగం వదినకిచ్చారు. కొత్త పని మొదటి రోజు ఆరింటికి ఇద్దరం ద్వారం దగ్గర నిలబడ్డాం. లోపలికెళ్తే మాట్లాడకూడదు. చెప్పేదేదో ఇక్కడే చెప్పాలి. నెల రోజులుగా దాచుకున్నది అప్పుడు బయటపెట్టాను.

“వదినా, ఆ రోజు నేను నిద్రపోలేదు. అన్నయ్య పిలిస్తే విన్నాను. సుద్ద తీసుకుంటే విన్నాను. కావాలనే లేవలేదు. నన్నేమన్నా అను, పడతాను.”

వదిన దీపం స్విచ్చి వేసి, అలవాటు లేక రెండు చేతుల్తో పట్టుకుంది.

“ఆయనకి తెలుసు,” అంది.

“ఏంటి?”

“నువ్వు మేలుకునే ఉన్నావని. పెరట్లోకి వచ్చి చెప్పాడు నాతో. ‘దుప్పట్లో కాలివేళ్ళు ఆడిస్తోంది, చిన్నప్పుడూ అంతే, అలిగితే అలా పడుకునేది. కోపం దిగాక అదే వస్తుంది. నేను దీపం వెలిగించి కూర్చుంటాను, అది రానిదే లోపలికెళ్ళను, ఆ మాట చెప్పు దానికి’ అన్నాడు.”

అక్కడే ఉన్న రాయి మీద కూలబడ్డాను. అన్నయ్య కూర్చున్న రాయి అది.

“నేను చెబుదామనే వచ్చానమ్మా నీ గది దాకా,” అంది వదిన. “కళ్ళు మూసుకుని ఉన్నావు. ఆయన చూసినట్టు నేను కాళ్ళు చూడలేదు. నిజంగానే పడుకుందేమో, పాపం ఏడ్చి అలిసిపోయిందేమో, లేపడమెందుకులే అనుకున్నాను. కాసేపాగి చెబుదాంలే అనుకున్నాను. నువ్వు లేచి కాఫీ తాగుతుంటే నీ మొహం చూసి భయమేసింది. గ్లాసు కడగనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను.”

గంట పైన కూర్చున్నాడని గేటు కాపలాదారు చెప్పింది గుర్తొచ్చింది. తొమ్మిదింటికి మొదటి రైలు. నేను రాకపోతే తనే వెళ్ళాలి, లేకపోతే ఆ డొల్ల గోడ కింద నుంచే రైలు వెళ్తుంది. ఎంతసేపు చూడగలడు?

వదిన నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత టైమైందని ఆమే లేచి, నా చెయ్యి పట్టుకుని లేపి, సుత్తి అందించింది. దీపం ఎత్తి ముందు నడిచింది. నేను వెనక నడిచాను. లోపలికి అడుగు పెట్టాక ఇద్దరం నోరు మూసుకున్నాం.